అప్‌డేట్: 2019లో ఓజోన్ రంధ్రం ఎందుకు చిన్నదైంది?

2019లో అంటార్కిటికా ఓజోన్ రంధ్రం అంత చిన్నగా ఉండటం ఓజోన్‌ను దెబ్బతీసే రసాయనాలను కట్టడి చేసిన మాంట్రియల్ ఒప్పందం ఫలితమేనా అని అడిగాను. జవాబులన్నీ చదివాక తేలిందిది: ప్రధాన కారణం ఆ సెప్టెంబరులో స్ట్రాటోస్ఫియర్ (ఓజోన్ పొర ఉండే పై వాతావరణం) ఒక్కసారిగా వేడెక్కడం.

కింది నుంచి ఎగసిన భారీ వాతావరణ తరంగాలు పైన విరిగి ధ్రువ సుడిని (ధ్రువం చుట్టూ తిరిగే చల్లటి గాలుల వలయాన్ని) బలహీనపరిచాయి. ధ్రువం మీద గాలి కిందికి దిగుతూ, ఒత్తిడికి వేడెక్కింది. అసలు కీలకం మైనస్ 78 డిగ్రీల సెల్సియస్. దాదాపు అంత చల్లబడితేనే అక్కడ మేఘాలు ఏర్పడతాయి. ఆ రసాయనాల నుంచి వచ్చి నిద్రాణంగా ఉన్న క్లోరిన్ చురుకైన రూపంలోకి మారేది ఆ మేఘకణాల మీదే. అక్కడి వసంతంలో (సెప్టెంబరు ప్రాంతంలో) ఎండ తగలగానే అది ఓజోన్‌ను తినేస్తుంది. వేడికి మేఘాలు తగ్గాయి, ఆ రసాయన చర్య నెమ్మదించింది. పైగా బయటి నుంచి ఓజోన్ ఎక్కువున్న గాలి లోపలికి చేరింది. సెప్టెంబరు 8న 1.64 కోట్ల చదరపు కిలోమీటర్లున్న రంధ్రం ఆపై కోటి కన్నా తగ్గిపోయింది. (2002లో ఇంకా బలంగా వేడెక్కి, రంధ్రం రెండుగా చీలింది.)

దీన్ని కోలుకోవడంగా లెక్కించకూడదు. క్లోరిన్ ఎక్కడికీ పోలేదు. 2020లో సుడి చల్లగా, బలంగా నిలిచింది. రంధ్రం 2.48 కోట్లకు పెరిగింది.