1937లో మద్రాసు రాష్ట్రానికి కల్లు దుకాణాలు మూయడమే మొదటి పనా?

లెక్కలమాస్టారు: రాజాజీ మంత్రివర్గం చేసిన గొప్ప సంక్షేమ పని మద్య నిషేధమేనని వేరే చర్చలో ఒకరు తేల్చేశారు. నాకైతే ఒప్పుకోబుద్ధి కావడం లేదు. బ్రిటిష్‌వాళ్ల 1935 భారత ప్రభుత్వ చట్టం కింద కస్టమ్స్, ఆదాయపు పన్ను వసూలు ఢిల్లీ చేతిలో ఉన్నాయి. రాష్ట్రానికి మిగిలినవి ముఖ్యంగా భూమిశిస్తు, అబ్కారీ (అంటే కల్లు, సారా లాంటి వాటి మీద పన్ను), స్టాంపులు. అబ్కారీ ఒక్కటే రాబడిలో దాదాపు నాలుగో వంతు. బడులకూ ఆసుపత్రులకూ డబ్బు చాలని ప్రభుత్వం ఆ రాబడికి తనే గండి కొట్టుకోవాలా?

సీమబిడ్డ: ఆ నాలుగో వంతు ఎవరి జేబులోంచి వచ్చిందో కూడా రాయండి మాస్టారూ. గీసే ప్రతి చెట్టుకూ చెట్టు పన్ను, దుకాణానికి వేలంపాట. పాడుకున్నవాడు కిస్తీ కట్టాలంటే కూలివాడు పొద్దుగూకగానే కూలి డబ్బుతో నేరుగా అక్కడికే రావాలి. వాడి దగ్గర గుంజి వాడి కొడుక్కే బడి కడితే అది సంక్షేమమా? నిషేధం 1937 అక్టోబర్ 1న సేలంలో మొదలైంది, మరుసటేడు మా కడపకూ చిత్తూరుకూ వచ్చింది. కరువు జిల్లాలో ఆ అణాలు ఇంట్లో మిగలడం తక్కువేం కాదు.

తాటితోపు: మాది గీత వృత్తి. ఇద్దరూ తాగేవాడి గురించే మాట్లాడుతున్నారు, మరి చెట్టెక్కేవాడి సంగతి? తీపి కల్లు దించి బెల్లం వండుకోమన్నారు. వండాలంటే కట్టెలు కావాలి, ఇంట్లో ఆడవాళ్లు గంటలకొద్దీ పొయ్యి ముందు కూర్చోవాలి, ఆనక సంతకు మోయాలి. కల్లయితే చెట్టు కిందే డబ్బు చేతికొచ్చేది. ఆ లెక్క ఏ బడ్జెట్‌లోనూ కనబడదు.

పాతసంచిక: సేలంతోనే ఎందుకు మొదలుపెట్టారంటే, ఆ జిల్లా తిరుచెంగోడు దగ్గర ఆశ్రమం పెట్టుకుని రాజాజీ 1925 నుంచీ ఈ ప్రచారమే చేస్తున్నారు. ఈ ప్రాధాన్యం ఖజానా లెక్కల్లోంచి కాదు, ఉద్యమంలోంచి వచ్చింది. పైగా అప్పటి ఓటు ఆస్తీ పన్నూ చదువూ చూసి ఇచ్చింది. తాగే కూలివాళ్లలో, గీసేవాళ్లలో ఎక్కువమందిని అడిగిందెవరు?

లెక్కలమాస్టారు: నేననేదీ అదే. లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను తెచ్చారు, వర్తకులు గోలగోల చేశారు. అంటే కల్లు మీద పోయిన భారం సరుకుల మీదికెక్కింది. ఎన్నడూ తాగని ఇంటికీ తప్పలేదు.

సీమబిడ్డ: అమ్మకపు పన్ను ఎక్కువ కొనేవాడి మీద ఎక్కువ పడుతుంది సార్. కల్లు పన్ను పూర్తిగా పేదవాడిదే. నన్నడిగితే ఇదే నయం.

పాతసంచిక: నయమే అనుకుందాం. 1939 అక్టోబర్‌లో మంత్రివర్గం రాజీనామా చేసింది. తర్వాత, యుద్ధం నడుస్తుండగానే, గవర్నర్ పాలనలో నిషేధాన్ని పక్కన పెట్టేశారు. అమ్మకపు పన్నును మాత్రం ఉంచుకున్నారు. కూలివాడు రెండూ కట్టాడు.

లెక్కలమాస్టారు: అందుకే వరుస తప్పిందంటాను. ముందు పన్ను తెచ్చి, ఆ డబ్బు బడులకు కట్టబెట్టి, గీతవాళ్లకు వేరే బతుకుతెరువు చూపించి, అప్పుడు దుకాణాలు మూయాల్సింది.

తాటితోపు: ఆ వరుసలో మేము మూడోవాళ్లమా మాస్టారూ?