ఒకే ఎలుక, ఒకే సైటోకైన్... జెల్ మీద పెంచితే మాక్రోఫేజ్‌లు వేరేగా ఎందుకు వస్తున్నాయి?

మజ్జ_మనిషి:
ఎలుక ఎముక మజ్జ కణాలకి ఏడు రోజులు ఎం-సీఎస్‌ఎఫ్ (కణాలకి సంకేతాలిచ్చే సైటోకైన్ ప్రోటీన్లలో ఒకటి) ఇచ్చి మాక్రోఫేజ్‌లు, అంటే క్రిములని మింగే రోగనిరోధక కణాలు, చేస్తున్నాను. సగం మామూలు ప్లాస్టిక్ ప్లేట్లో, సగం కొలాజెన్ జెల్ మీద. ప్లాస్టిక్ మీదవి ఆమ్లెట్‌లా పరుచుకుంటున్నాయి, జెల్ మీదవి గుండ్రంగా, అక్కడక్కడా సన్నగా సాగి ఉన్నాయి. అదైతే అనుకున్నదే. కానీ ఎల్‌పీఎస్ (వీటిని రెచ్చగొట్టే బ్యాక్టీరియా పొర పదార్థం) వేయకముందే జెల్ మీదవి టీఎన్‌ఎఫ్ (ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, పెంచే సైటోకైన్) వదిలేస్తున్నాయి! మా గైడ్ గారు "మాట్రిక్స్ ఎఫెక్ట్ అని రాసెయ్" అంటున్నారు (మాట్రిక్స్ అంటే కణాల చుట్టూ ఉండే కొలాజెన్‌లాంటి ప్రోటీన్ల అల్లిక). సోమవారం ల్యాబ్ మీటింగ్, టెన్షన్‌గా ఉంది. చుట్టూ ఉన్న మాట్రిక్స్ నిజంగా ఇంత మార్చేస్తుందా?

కణం_కబుర్లు:
మారుస్తుంది, అందులో డౌట్ లేదు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి గట్టితనం సుమారు 2 కిలోపాస్కల్‌లు, ఫైబ్రోసిస్ వస్తే 16 దాకా పోతుంది, మరి మనం "కంట్రోల్" అని పిలుచుకునే పాలీస్టైరీన్ ప్లేటు గిగాపాస్కల్‌లలో ఉంటుంది, అంటే కణజాలం కంటే పదిలక్షల రెట్లకు పైగా గట్టి, ఎముక మీద ఉండేవి తప్ప అలాంటి నేల ఏ మాక్రోఫేజ్ కూడా ఒంట్లో చూసి ఉండదు. కణం ఇంటెగ్రిన్‌లతో (పొర మీద పట్టు ప్రోటీన్లు) కింద పట్టుకుని లాగి చూస్తుంది, గట్టిగా తగిలితే ఒత్తిడిని పసిగట్టే పీజో1 ఛానల్ తెరుచుకుని కాల్షియం లోపలికొస్తుంది, ఇన్‌ఫ్లమేషన్ వైపు మొగ్గు పెరుగుతుంది. ఆకారం కూడా లెక్కే. 2013లో కాలిఫోర్నియా ఇర్వైన్ వాళ్లు 20 మైక్రాన్ల వెడల్పు గీతల మీద మాక్రోఫేజ్‌లని పెంచి సాగదీశారు, ఏ సైటోకైనూ వేయకుండానే ఆర్జినేజ్-1 (గాయం మాన్పే రకం మాక్రోఫేజ్‌ల గుర్తు) పెరిగింది.

టీ కణాలకీ ఇదే గొడవ. టీజీఎఫ్-బీటా అనే సైటోకైన్ మాట్రిక్స్‌కి అతుక్కుని నిద్రపోతూ ఉంటుంది, ఇంటెగ్రిన్‌లు దాన్ని విడిపించాలి. విడుదలయ్యాక పక్కన ఐఎల్-6 అనే సైటోకైన్ ఉంటే టీ కణం టీహెచ్17 (ఇన్‌ఫ్లమేషన్ పెంచే రకం) అవుతుంది, ఐఎల్-2 ఉంటే టీరెగ్ (దాన్ని అణిచే రకం).

అయితే మీ కేసులో ఒకటి తేడాగా ఉంది: మెత్తటి జెల్ మీద టీఎన్‌ఎఫ్ తగ్గాలి కదా, మీకు పెరిగిందేంటి?

పాత_పిపెట్:
అదే నేనూ అడగబోతున్నా. తమ్ముడూ, ముందు ఆ కొలాజెన్‌లో ఎండోటాక్సిన్, అంటే అదే ఎల్‌పీఎస్, కలిసిందేమో చూడు. ఎలుక తోక కొలాజెన్ ఆసిడ్‌లో వస్తుంది, దాన్ని న్యూట్రలైజ్ చేయడానికి నువ్వు కలిపిన సోడియం హైడ్రాక్సైడ్, పీబీఎస్ (ఉప్పు బఫర్) ఎవరు చేశారు, ఏ నీళ్లతో? ఆటోక్లేవ్ చేశాంలే అనకు, బ్యాక్టీరియా చస్తుంది గానీ ఎల్‌పీఎస్ పోదు, 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లోంచి కూడా దర్జాగా దాటేస్తుంది. ఎండోటాక్సిన్‌ని పట్టే ఎల్ఏఎల్ టెస్ట్ చెయ్యి. దాంతోపాటు ఒక వెల్‌లో పాలీమిక్సిన్-బి (ఎల్‌పీఎస్‌ని పట్టేసి పనిచేయనివ్వని మందు) వేసి చూడు, టీఎన్‌ఎఫ్ పడిపోతే అది మాట్రిక్స్ ఎఫెక్ట్ కాదు.

ఇంకోటి, ప్లాస్టిక్‌కి జెల్‌కి మధ్య నువ్వు ఒకేసారి రెండు మార్చావు, గట్టితనమూ కొలాజెనూ. ప్లాస్టిక్ మీద పల్చగా కొలాజెన్ పూసిన ప్లేటొకటి పెట్టు. వీలైతే పాలీఅక్రిలమైడ్ జెల్‌లు (గట్టితనం మనకి కావలసినట్టు మార్చుకోగల సింథటిక్ జెల్‌లు), మెత్తవీ గట్టివీ, రెండింటి మీదా అదే కొలాజెన్ పూత. అప్పుడు ఏది దేనివల్లో తెలుస్తుంది.

మజ్జ_మనిషి:
అన్నా, పాలీమిక్సిన్ వేశాను. టీఎన్‌ఎఫ్ దాదాపు సున్నా 😭 పీబీఎస్ సీసా మీద తేదీ చూస్తే నేను చేరకముందుది. సన్నగా సాగినవి మాత్రం అలాగే ఉన్నాయి, వాటిలో ఆర్జినేజ్ రేపు చూస్తాను.