విదేశంలో కొన్న డెస్క్‌టాప్‌ను మరో దేశానికి తీసుకువెళ్లడం మంచిదేనా?

ప్రవాసి:
కొంతకాలం విదేశంలో ఉండి వేరే దేశానికి వెళ్లిపోయేవారు డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను తామున్న దేశంలోనే కొని వెంట తీసుకువెళ్లడం సరైన నిర్ణయమేనని నేను భావిస్తున్నాను. వోల్టేజీ తేడా వల్ల యంత్రం కాలిపోతుందన్న భయం చాలావరకు పాతబడిపోయింది. జపాన్‌లో 100, అమెరికాలో 120, ఐరోపాలో 230 వోల్టుల సరఫరా ఉన్నప్పటికీ, ఇప్పటి పవర్ సప్లైలలో (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి అందించే పెట్టెలలో) చాలావాటికి 100 నుంచి 240 వోల్టుల వరకు ఏదైనా సరిపోతుంది. గోడకు పెట్టే తీగను మాత్రం వెళ్లినచోట మార్చుకుంటే చాలు.

యంత్రమిత్ర:
ప్రవాసి గారు ‘చాలావాటికి’ అన్నారు, నా అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. కొన్ని పవర్ సప్లైల వెనుక, తీగ గుచ్చే చోటికి పక్కనే, 115 అనో 230 అనో అంకె కనిపించే చిన్న ఎర్ర స్విచ్ ఉంటుంది. అది 115 మీద ఉండగా 230 వోల్టుల కరెంటు ఇస్తే పవర్ సప్లై పాడైపోతుంది, ఒక్కోసారి భాగాలన్నీ అమర్చే ప్రధాన బోర్డు, అంటే మదర్‌బోర్డు, కూడా దెబ్బతింటుంది. కాబట్టి పవర్ సప్లై మీది లేబుల్ చదవకుండా యంత్రానికి కరెంటు ఇవ్వకూడదు.

అయితే దీనికి విరుగుడు ఉంది. వారంటీ విషయంలో అంత సులువుగా లేదు. ల్యాప్‌టాప్‌లకు కొన్ని కంపెనీలు అంతర్జాతీయ వారంటీ ఇస్తాయి కానీ, డెస్క్‌టాప్‌ల వారంటీ తరచుగా కొన్న దేశానికే పరిమితం. పైగా పెద్ద కంపెనీలు అమ్మే రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో పవర్ సప్లై ఆకారం, దాని కనెక్టర్లు ఆ కంపెనీకే ప్రత్యేకంగా ఉండటం మామూలే. అది చెడిపోయిన రోజున ఏ దుకాణంలోనైనా దొరికే సాధారణ పవర్ సప్లై అందులో పట్టదు, సరిపోయే భాగాన్ని తెప్పించుకునేదాకా మిగతా యంత్రమంతా బాగున్నా పనికిరాకుండా పడి ఉంటుంది.

బాటసారి:
మీ ఇద్దరి మధ్య ఒక దారి ఉంది. ప్రాసెసర్, మెమరీ, ఫైళ్లు దాచే ఎస్ఎస్‌డీ చేతిసంచిలో పట్టేంత చిన్నవి, వాటికి గోడ కరెంటుతో నేరుగా సంబంధం లేదు. విదేశంలో తక్కువకు దొరికితే అవి మాత్రం కొనుక్కుని, క్యాబినెట్, పవర్ సప్లై, మానిటర్, కరెంటు పోయినా కాసేపు యంత్రాన్ని నడిపే యూపీఎస్ వాడబోయే చోటే తీసుకోవాలి. మొత్తం యంత్రాన్నే తీసుకువెళ్లక తప్పకపోతే, బరువైన గ్రాఫిక్స్ కార్డును ఊడదీసి విడిగా సర్దండి. దారిలో కుదుపులకు ఆ బరువంతా మదర్‌బోర్డు మీది స్లాటును లాగుతుంది.

ప్రవాసి:
యూపీఎస్ మాట నిజమే, అది సాధారణంగా ఒకే వోల్టేజీకి తయారవుతుంది. వారంటీ గురించి యంత్రమిత్ర గారు చెప్పినదీ కాదనను. అయినా కొత్త యంత్రాన్ని పెట్టె విప్పకుండా విమానం ఎక్కించమని నా ఉద్దేశం కాదు. ప్రయాణానికి కొన్ని నెలల ముందే కొని వాడితే, తయారీలోని లోపాలు చాలావరకు వారంటీ చెల్లే చోటే బయటపడతాయి. నివాసం మార్చుకునేవారి వాడిన సామానుకు అనేక దేశాల్లో కస్టమ్స్ మినహాయింపులు కూడా ఉంటాయి, నిబంధనలు ముందుగా చూసుకోవాలి. ఇక పవర్ సప్లై దొరకదన్న చిక్కు ఏటీఎక్స్ ప్రమాణానికి (వేర్వేరు కంపెనీల భాగాలు ఒకదానికొకటి సరిపోయేలా ఆకారం, కనెక్టర్లను నిర్ణయించే ప్రమాణానికి) చెందిన భాగాలతో కూర్చిన యంత్రానికి రాదు. ఆ సంగతి డబ్బు కట్టకముందే అమ్మేవారిని అడిగి తెలుసుకోవచ్చు.