సర్కారు భవనాల తనిఖీ: కడుతుండగానా, కట్టినంకనా?

(మారుపేర్లతో నడిచిన చర్చ ఇది. ప్రతి మాటకు పైన ఉన్నది రాసినవాళ్ల మారుపేరు.)

మూసీ ఎడమ కాలువ

మహబూబ్‌నగర్ కలెక్టరేట్ 2022 డిసెంబర్ 4న తెరిచిండ్రు. నాగర్‌కర్నూల్, గద్వాల కలెక్టరేట్లు 2023 జూన్‌లో, సూర్యాపేటది అదే ఏడు ఆగస్టులో అయినై. మెడికల్ కాలేజీలు వచ్చినై. ఇప్పుడు ఒక్కోటి 20, 25 ఎకరాల్లో, సుమారు 200 కోట్ల అంచనాతో యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్ల వంతు.

ఇంత డబ్బు మీద శాసనసభ చూపు ఎప్పుడు పడాలె? ఇప్పుడున్న పద్ధతిలో భవనం లేస్తది, బిల్లులు పోతై, ఆడిట్ అయితది. ఆ కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదిక రాజ్యాంగం 151(2) అధికరణం కింద గవర్నర్ ద్వారా సభకు వచ్చినంకనే శాసనసభ్యులుండే ప్రజా పద్దుల కమిటీ (పీఏసీ) పిలిచి అడుగుతది. అప్పటికి ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) బదిలీ అయి ఉంటడు, ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) రిటైరై ఉంటడు. కమిటీ కట్టేటప్పుడే సైటు మీదికి రావాలె అని నా వాదన. కాదనేవాళ్లు కారణంతో చెప్పండ్రి.

నందికొండ

మూసీ అన్న మాటకు ఒప్పుకుంట. భవనంలో ఖరీదైన పని చాలావరకు పూడిపోయేదే.

మన నేల సంగతి తీస్కోండ్రి. మన దిక్కు చాలాచోట్ల కొంచెం లోతుకు పోతే షీట్ రాక్ (పరుపు బండ) తగులుతది. పునాది తవ్వకంలో మట్టికి ఒక రేటు, మెత్తరాయికి ఒక రేటు, బ్లాస్టింగ్ చేసే గట్టిరాయికి ఇంకో రేటు. ఎం.బుక్ (పని కొలతలు రాసే పుస్తకం)లో 400 ఘనపు మీటర్లు గట్టిరాయి అని ఎక్కిస్తే, ఫుటింగ్ పోసి గుంత నింపినంక అది మొరమా, రాయా అని తేల్చుడు కాదు. అందుకే తవ్వకముందు ఒకసారి, తవ్వినంక ఒకసారి లెవెల్స్ (నేల ఎత్తులు) తీసి లెవెల్ ఫీల్డ్ బుక్కులో రాయాలె. గుంతలో టేపు కనబడేటట్టు ఫొటో తియ్యాలె. నింపకముందే డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) చెక్ మెజర్‌మెంట్, అంటే మళ్లీ కొలిచి సరిచూసుడు, చెయ్యాలె. ఈ మూడూ ఆ వారంలో జరిగితేనే జరిగినట్టు. మూడేండ్లకు ఆడిట్ వస్తే దొరికేది కాయితం ఒక్కటే.

స్లాబు కూడ అంతే. 30 మీటర్ల పొడుగు, 12 మీటర్ల వెడల్పు, 125 మిల్లీమీటర్ల మందమైతే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు, బీములు కలపకుండ. కాంక్రీటు పనికి దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 31 నుంచి 50 ఘనపు మీటర్లకు నాలుగు శాంపిళ్లు, ఒక్కో శాంపిల్‌కు మూడు క్యూబులు (బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మలు), మొత్తం 12. ఇది 28 రోజుల పరీక్షకే. 7 రోజులది కూడ చూడాలంటే ఇంకో 12. ఇక్కడ జరిగే మోసం ఏందంటే, స్లాబుకు పోయే మాలు నుంచి కాకుండ, సిమెంటు ఎక్కువేసి వేరేగ కలిపిన ముద్దతో క్యూబులు పోస్తరు. రిపోర్టు బాగుంటది, స్లాబు గుల్లగ ఉంటది.

దీన్ని పట్టుకునేది సిమెంటు రిజిస్టర్. ఘనపు మీటరుకు కనీసం 300 కిలోలు లెక్కేస్తే 45కు 13,500 కిలోలు, అంటే 270 బస్తాలు. ఆ రోజు ఖర్చు 200 బస్తాలే రాసి ఉంటే అక్కడనే అడగాలె. రెడీమిక్స్ అయితే ప్రతి బండికి బ్యాచ్ ప్రింటవుట్ ఉండాలె.

ఇగ ఇనుము. డ్రాయింగులో కడ్డీల మధ్య దూరం 150 మిల్లీమీటర్లు ఉంటే, మూడు మీటర్ల టేపు పరిస్తే 20 సందులు రావాలె. 15 వస్తే దూరం 200 అయినట్టు, నాలుగో వంతు ఇనుము పోయినట్టు. ఇంజినీరింగ్ చదవని ఎమ్మెల్యే గూడ ఇది లెక్కపెట్టొచ్చు, కాకపోతే కాంక్రీటు పోయకముందు.

పిల్లలమర్రి నీడ

నందికొండ గారూ, మీరు చెప్పినవన్నీ ఏఈ, డీఈ, క్వాలిటీ కంట్రోల్ వింగ్ చేయాల్సిన పనులు. శాసనసభ్యులు ఆ పని నెత్తికెత్తుకుంటే రేపు స్లాబు కారినప్పుడు ఇంజినీరు ఒక్క మాటతో తప్పించుకుంటాడు: "కమిటీ వచ్చి చూసిపోయింది, ఏమీ అనలేదు." తీర్పు చెప్పాల్సిన వాళ్లు సాక్షులైపోతారు.

ఇంకొకటి, సైటులో నోటిమాట. ప్రజాప్రతినిధి వచ్చి "ఇక్కడ ఇంకో రెండు గదులు వెయ్యండి, పోర్టికో పెద్దది చెయ్యండి" అంటే కాంట్రాక్టరు వేస్తాడు. ఆ పని మంజూరైన ఎస్టిమేట్‌లో ఉండదు. వర్కింగ్ ఎస్టిమేట్ మార్చాలి, కొత్త ఐటమ్‌లకు రేట్లు ఖాయం కావాలి, సప్లిమెంటల్ అగ్రిమెంటు రాయాలి. అది అయ్యేదాకా ఆ బిల్లు కదలదు. చివరికి మరుగుదొడ్ల ఐటమో, ప్రహరీ గోడ ఐటమో కోసి ఆ గదులకు సర్దుతారు.

ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ పార్లమెంటు భవనం, హోలీరూడ్, చూడండి. 1997లో 10 నుంచి 40 మిలియన్ పౌండ్లు అన్నారు. 1999 జూన్‌లో ఆ పనికి యజమానిగా పార్లమెంటు సభ్యులతోనే ఏర్పడ్డ సంస్థ బాధ్యత తీసుకుంది. అప్పటికి అంచనా 109 మిలియన్లు. చివరికి తేలిన ఖర్చు 414 మిలియన్లు, ఆలస్యం మూడేళ్లు. చట్టసభ వాళ్లు పని దగ్గర ఉండడమే రక్షణ అయితే అక్కడ అట్లా కావద్దు కదా.

కట్టినంక ఏమీ తేలదన్నది కూడా సరి కాదు. అనుమానమున్న చోట కోర్ (గట్టిపడ్డ కాంక్రీటు నుంచి తొలిచి తీసే ముక్క) తీయిస్తే ఐఎస్ 456 లెక్క ఉంది. కనీసం మూడు కోర్లు తియ్యాలి. వాటి సగటు బలం, క్యూబు లెక్కకు మార్చినప్పుడు, ఆ గ్రేడ్ బలంలో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గొద్దు. కవర్ మీటరు పెడితే లోపల కడ్డీ ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో తెలుస్తుంది.

నందికొండ

కోర్ స్లాబు బలం చెప్తది. గుంతలో ఉన్నది మొరమా, గట్టిరాయా అన్నది చెప్పదు.

పానగల్ గట్టు

హోలీరూడ్ కథలో ఇంకో సగం ఉంది. అక్కడి ఆడిటర్ జనరల్ పని నడుస్తుండంగనే, 2000 సెప్టెంబరులో, ఒక నివేదిక ఇచ్చిండు. 2004లో మళ్లొకటి. అదే ఏడు వచ్చిన లార్డ్ ఫ్రేజర్ విచారణ నివేదిక తప్పుపట్టిన వాటిలో ముఖ్యమైంది కాంట్రాక్టు పద్ధతి. డిజైన్ పూర్తి కాకముందే పనిని ముక్కలు ముక్కలుగ అప్పగించే కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ ఒప్పందం అది. ధర పెరిగితే భారమంతా ప్రభుత్వం మీదనే పడ్డది. అంటే నష్టం సిమెంటు కలిపే కాడ మొదలు కాలే, సంతకం పెట్టే కాడ మొదలైంది.

మన దగ్గర కూడ మొదటి తనిఖీ సైటులో కాదు, ఎస్టిమేట్ మీద జరగాలె. పరిపాలనా అనుమతి వచ్చిన నాటికి మట్టి పరీక్ష రిపోర్టు ఫైల్లో ఉందా? సాంకేతిక మంజూరు నాటికి స్ట్రక్చరల్ డ్రాయింగులు వచ్చినయా, లేక "తర్వాత ఇస్తం" అని టెండరు పిలిచిండ్రా? నల్లరేగడి నేలకూ చెల్క నేలకూ ఒకే టైపు డిజైన్ పెట్టి టెండరు పిలిస్తే, తవ్వినంక పునాది మారుతది, పునాదితో పాటు పరిమాణాలు మారుతై. అంచనా పెరుగుడు చాలావరకు ఇక్కడనే పుడుతది.

కాగ్ మీదనే ఆధారపడదామంటే ఎంత కాలం పడతదో చూడండ్రి. నివేదిక సభలో పెట్టినంక శాఖ మూడు నెలల్లో వివరణ ఇయ్యాలె, పీఏసీ సిఫార్సు చేసినంక ఆరు నెలల్లో చర్య నివేదిక ఇయ్యాలె. అది కాయితం మీద గడువు. పీఏసీలో ఉండేది 13 మంది, తొమ్మిది మంది అసెంబ్లీ నుంచి, నలుగురు మండలి నుంచి. 2024 సెప్టెంబరులో ఆ కమిటీ ఛైర్మన్ పదవి మీదనే ప్రతిపక్షానికీ సర్కారుకూ పెద్ద గొడవ అయింది. మేడిగడ్డ పిల్లర్లు 2023 అక్టోబర్ 21న కుంగినై, కాళేశ్వరం మీద కాగ్ నివేదిక సభకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. నష్టం జరిగినంక లెక్క దొరికింది.

కోయిల్‌సాగర్

మేడిగడ్డ పేరు తీసిండ్రు కాబట్టి ఒక మాట. 2024 ఫిబ్రవరి 13న ముఖ్యమంత్రి, ఎమ్మెల్యేలు బస్సుల్లో అక్కడికి పోయిండ్రు. అదే రోజు ప్రతిపక్షం నల్లగొండలో సభ పెట్టింది. ఒకే రోజు రెండు దిక్కులా రాజకీయమే నడిచింది. రాఫ్ట్ (బ్యారేజీ అడుగున ఉండే కాంక్రీటు పలక) కింద ఇసుక కొట్టుకపోయిందా అన్నది గట్టు మీద నిలబడి చూస్తే తెలుస్తదా? గుంపుగ పోయే తనిఖీ మీద నాకు నమ్మకం లేదు. ఇద్దరు సభ్యులు, ఒక ఆడిట్ అధికారి, చేతిలో ఎం.బుక్ నకలు. అంతే పోవాలె.

జడ్చర్ల జంక్షన్

ఇంతసేపు అందరూ సిమెంటు గురించే మాట్లాడుతున్నరు, బిల్లు గురించి ఎవరూ అంటలేరు. నాకు ఇదే పెద్ద కొరత అనిపిస్తుంది.

మన ఊరు మన బడి 2022 మార్చి 8న మన వనపర్తిలోనే మొదలైంది. మూడు విడతల్లో 26,065 బడులు, 7,289 కోట్లు. మొదటి విడతకే 9,123 బడులు, 3,497.62 కోట్లు, 12 రకాల పనులు. పనులు మొదలయ్యాక బిల్లులు ఆగినై, పని చేయించిన వాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిండ్రు. అట్ల ఆగిన భవనానికి ఏమైతదో కమిటీలు అడగాలె. కాలమ్ పైన వదిలిన కడ్డీలు వానకు తుప్పు పడతై, మళ్లీ పని మొదలుపెట్టే ముందు వైర్ బ్రష్‌తో గీకాలె, పొరలు పొరలుగ ఊడితే కడ్డీ సైజు కొలవాలె. సెంట్రింగ్ కిరాయి రోజుల లెక్క. నిల్వ ఉన్న సిమెంటు మూడు నెలలు దాటితే మళ్లీ పరీక్ష చేయకుండ వాడొద్దు. పాత కాంక్రీటు ముఖం చెక్కి, కడిగి, స్లర్రీ కొట్టకుండ కొత్తది పోస్తే ఆ అతుకులోంచే నీళ్లు కారుతై. ఆ గ్యాంగు మేస్త్రీలు అప్పటికే హైదరాబాద్ పోయి ఉంటరు.

కాబట్టి కమిటీ మొట్టమొదట అడగాల్సింది: అనుమతి ఎంతకు ఇచ్చిండ్రు, ఈ ఏడు బడ్జెట్‌లో విడుదలైంది ఎంత, పే అండ్ అకౌంట్స్ ఆఫీసులో బిల్లు టోకెన్ తేదీ ఏది, డబ్బులు పడ్డ తేదీ ఏది. ఆ రెండు తేదీల మధ్య ఆరు నెలలుంటే పని ఆలస్యానికి కాంట్రాక్టరు మీద జరిమానా ఎట్ల వేస్తరు? గడువు పొడిగింపు ఫైలులో కారణం "వర్షాలు" అని రాస్తరు. నిజమైన కారణం ఖజానాలో ఉంటది.

మూసీ ఎడమ కాలువ

జడ్చర్ల గారి మాట నిజం, నేను అది వదిలేసిన. నోటిమాట ఆదేశాల గురించి పిల్లలమర్రి గారు చెప్పింది కూడ ఒప్పుకుంట. కానీ దాని మందు తనిఖీ ఆపుడు కాదు, నోరు ఆపుడు. కమిటీ సైటులో ఎవరికీ ఏ ఆదేశం ఇయ్యొద్దు. చూసింది రాసుకోని పోవాలె.

నందికొండ

నేను అడిగేది రోజూ రావాలని కాదు, పూడకముందు మూడుసార్లు. పునాది గుంత నింపకముందు. స్లాబు పోయకముందు, కడ్డీ కట్టి కవర్ బ్లాకులు (కడ్డీ కింద కాంక్రీటుకు జాగా ఉంచే దిమ్మలు) పెట్టినంక. గోడలకు ప్లాస్టర్ కొట్టకముందు, కరెంటు పైపులు, నీళ్ల పైపులు కనబడేటప్పుడు. వీటిలో రెండోది అసలైనది. స్లాబుకు కవర్ 20 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట రాయి ముక్క పెడతరు, మనుషులు తొక్కితే కడ్డీ కిందికి దిగి సెంట్రింగ్ షీటుకు తగులుతది. పదేండ్లకు పెచ్చులూడి ఇనుము బయటపడే బడులన్నిటి చరిత్ర ఇదే.

పిల్లలమర్రి నీడ

మూడుసార్లు అంటే 33 జిల్లాల్లో 13 మందికి ఎట్లా సాధ్యం? చేస్తే చీటీ తీసి కొన్ని పనులే చూడాలి, ఏ పని అన్నది ముందురోజు దాకా ఎవరికీ తెలియొద్దు. సొంత నియోజకవర్గం పని ఆ సభ్యుడికి ఇవ్వొద్దు. రాసుకున్న నోటు కాంట్రాక్టరుకు కాదు, ఈఈకి, అకౌంటెంట్ జనరల్ ఆఫీసుకు పోవాలి. ఇన్ని షరతులు నిలబడితే నా అభ్యంతరం సగం తగ్గుతుంది. మిగతా సగం అట్లనే ఉంది: మన దగ్గర షరతుల్లో ముందు జారిపోయేది సొంత నియోజకవర్గం షరతే. అది జారితే కట్టినంక అడగడమే మేలు.

పానగల్ గట్టు

కమిటీ ఒప్పుకునేదాకా ఆగాల్సిన పని లేదు. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 2(జె)లో పని తనిఖీ చేసే హక్కు, సామగ్రి శాంపిల్ ధ్రువీకరించి తీసుకునే హక్కు మామూలు పౌరుడికే ఉన్నై. ఎం.బుక్, క్యూబ్ రిజిస్టర్, సిమెంటు రిజిస్టర్ నకళ్లు అడిగి, అవి పట్టుకోని ఎమ్మెల్యే దగ్గరికి పోతే ఆయన సభలో వేసే ప్రశ్నకు బలం వస్తది. "పని ఎంతవరకు వచ్చింది" అని అడిగితే "పురోగతిలో ఉంది" అని జవాబొస్తది. "ఫలానా తేదీ స్లాబుకు ఎన్ని క్యూబులు, ఎన్ని బస్తాలు" అంటే అంకె చెప్పక తప్పదు. జవాబుకు 30 రోజుల గడువు, స్లాబు అంతకాలం ఆగదు. అందుకే పునాది దశలోనే దరఖాస్తు పెట్టాలె.

కోయిల్‌సాగర్

చిన్న అనుమానం. మన నల్లగొండ బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ గదా, ఆ నీళ్లతో కాంక్రీటు కలిపితే కమిటీ పట్టించుకోవాలెనా?

నందికొండ

ఫ్లోరైడ్ తాగేవాళ్ల ఎముకలకు చేటు. కాంక్రీటు నీళ్లకు ఐఎస్ 456 పెట్టిన హద్దుల పట్టికలో అది లేదు. ఉన్నవాటిలో ముఖ్యమైనవి క్లోరైడు, సల్ఫేటు: ఇనుము ఉన్న కాంక్రీటుకు క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 దాటొద్దు, పీహెచ్ 6కు తగ్గొద్దు. ఉప్పు నీళ్ల బోర్లున్న ఊళ్లల్ల క్లోరైడు మీదనే కన్నెయ్యాలె, కడ్డీని లోపలినుంచి తినేది అదే. నీళ్లు కొట్టి తడిపేదానికి గూడ అదే బోరు వాడుతరు గదా, ఆ రిపోర్టు రెంటికీ పనికొస్తది. రిపోర్టు మీది తేదీ, ఎం.బుక్‌లో మొదటి కాంక్రీటు ఎక్కించిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండ్రి. రిపోర్టు వెనక వచ్చి ఉంటే ఆ నీళ్లు పరీక్షించకుండనే పోసిండ్రు.