పాత చెయిన్‌సా ఇంజిన్: కేసు విప్పకుండా క్రాంక్ సీలు మార్చవచ్చా?

పాతకాలపు టూ స్ట్రోక్ చెయిన్‌సా ఇంజిన్‌ను ఇంట్లోనే రీబిల్డ్ చేస్తున్నాను. పిస్టన్ రింగులు, కార్బురేటర్ డయాఫ్రమ్‌లు కొత్తవి వేశాను, కాంటాక్ట్ పాయింట్ల (స్పార్క్ వచ్చేలా తెరుచుకుని మూసుకునే స్విచ్) గ్యాప్ 0.4 మి.మీ. పెట్టాను. చల్లగా ఉన్నప్పుడు చక్కగా స్టార్ట్ అవుతోంది, ఆ శబ్దం వింటే ప్రాణం లేచొస్తోంది. వేడెక్కాక మాత్రం యాక్సిలరేటర్ వదిలేసినా స్పీడు దానంతటదే పెరిగిపోతోంది. కార్బురేటర్ స్క్రూలు తిప్పినా లాభం లేదు.

ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రంధ్రాలు మూసి లోపలికి 0.5 బార్ గాలి ఎక్కించి చూశాను. ప్రెషర్ నిలబడట్లేదు, సబ్బునీళ్లు పూస్తే ఫ్లైవీల్ వైపు క్రాంక్ సీలు (షాఫ్ట్ చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రింగు) దగ్గర బుడగలొస్తున్నాయి. క్లచ్ వైపు ఏమీ లేదు. బయటి గాలి లోపలికి చేరితే పెట్రోలు, ఆయిల్ పాళ్లు తగ్గి పిస్టన్ పట్టేస్తుంది కాబట్టి ఇంజిన్ ఆపేశాను.

క్రాంక్‌కేసు (షాఫ్ట్ ఉండే ఇంజిన్ పెట్టె) రెండుగా విప్పకుండా, షాఫ్ట్ మీద గీత పడకుండా ఆ సీలు బయటికి లాగే పద్ధతి ఎవరైనా చెబుతారా? సన్నటి స్క్రూ దింపి లాగొచ్చని విన్నాను, కానీ వెనకే బేరింగ్ ఉంది, అదే టెన్షన్. ఒకవైపు సీలే పోయినా రెండూ మార్చడమే మంచిదా?

ఇంకొకటి, సిలిండర్‌కు క్రోమ్ పూత ఉంది. ఎగ్జాస్ట్ దగ్గర కొద్దిగా అల్యూమినియం అంటుకుంది. పూత చెడకుండా దాన్ని ఎలా తీయాలి?