ఇంకా మొదలే కాని వ్యాపారానికి మిషన్ స్టేట్‌మెంట్ కావాలా?

బోణీబేరం:
నేనూ నా స్నేహితురాలూ కలిసి చిన్న వ్యాపారం పెడుతున్నాం. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంటికి మనిషిని పంపి మందులు, స్నానం, నడక లాంటివి చూసుకునే పని. లోన్ దరఖాస్తులో ‘మిషన్’ అని, అంటే మన సంస్థ ఎందుకోసం పనిచేస్తుందో చెప్పమని, ఒక గడి ఉంది. అందులో ఇలా రాశాం: “అత్యుత్తమ నాణ్యతా ప్రమాణాలతో, వినూత్న సేవలతో, వినియోగదారుల సంతృప్తే ధ్యేయంగా పనిచేస్తాం.” తనేమో ఇది చాలంటుంది. నాకు చదివినప్పుడల్లా ఏదో వెలితి. అసలు కస్టమరే రాకముందు దీని మీద బుర్ర బద్దలు కొట్టుకోవాలా?

చిట్టా_ఆవర్జా:
అక్కర్లేదు. గడి నింపేసి పని చూసుకోండి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. 2005లో యూట్యూబ్ పెట్టినవాళ్ల మొదటి ఆలోచన డేటింగ్ వీడియోల సైట్. ఆఫీసుల్లో సందేశాలు పంపుకునే స్లాక్ యాప్ అయితే ఒక ఆన్‌లైన్ గేమ్ కంపెనీ తన సొంత అవసరానికి చేసుకున్న సాధనం. ఆట మూతపడింది, సాధనం నిలబడింది. మొదట అనుకున్నదాన్నే పట్టుకుని వేలాడి ఉంటే వీళ్ల గతేంటి? ముందు నలుగురు కస్టమర్లను రానివ్వండి. వాళ్లేం అడుగుతారో విన్నాక రాసుకోవచ్చు.

నిలువుటద్దం:
ఆవర్జా గారూ, వాళ్ల చేతిలో ఉన్నది సాఫ్ట్‌వేర్. పాత కోడ్ పారేసి కొత్తది రాసుకుంటారు. ఇక్కడ పంపేది మనుషుల్ని. ఎవరింటికో వెళ్లిన ఆయాకి అక్కడ ఏం చేయాలో, ఏం చేయకూడదో వీళ్లు పక్కన నిలబడి చెప్పలేరు కదా.

బోణీ గారూ, మీ వెలితి ఎక్కడుందంటే, ఆ వాక్యంలో పెద్దవాళ్లు లేరు, ఇల్లూ లేదు. టైర్ల కంపెనీ కూడా దాన్ని ఉన్నదున్నట్టు గోడకి తగిలించుకోవచ్చు. ఓసారి తిరగేసి చదవండి. “నాసిరకం సేవలతో, వినియోగదారుల అసంతృప్తే ధ్యేయంగా” అని ఎవరైనా రాస్తారా? ఎవరూ కాదనలేని మాట రాసినా ఒకటే, మానేసినా ఒకటే. మైక్రోసాఫ్ట్ తొలినాళ్లలో ‘ప్రతి బల్ల మీదా, ప్రతి ఇంట్లోనూ ఒక కంప్యూటర్’ అనుకుంది. నచ్చినా నచ్చకపోయినా ఏం చేయబోతున్నారో తెలుస్తోంది. అది చాలావరకు జరిగిపోయాక, 2015లో సత్య నాదెళ్ల హయాంలో కొత్తది రాసుకున్నారు.

చిట్టా_ఆవర్జా:
అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ కూడా గౌరవం, నిజాయితీ, కమ్యూనికేషన్, శ్రేష్ఠత అని నాలుగు ముక్కలు రాసుకుంది. 2001 డిసెంబరులో దివాలా తీసింది, ఖాతాల్లో బూటకం బయటపడింది. వీవర్క్ 2019లో షేర్ల ఇష్యూ పత్రాల్లో ప్రపంచ చైతన్యాన్ని ఉన్నతస్థితికి తీసుకెళ్లడమే తన మిషన్ అంది. చేసేదేమో ఆఫీసు జాగా అద్దెకివ్వడం! ఆ ఇష్యూ కూడా అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు.

మెట్టవేదాంతి:
అవి సరే, పనికొచ్చిన కాగితం ఒకటి చెప్తాను. జాన్సన్ అండ్ జాన్సన్ 1943లో ‘క్రెడో’ (మేం నమ్మేది ఇదీ అనే ప్రకటన) అని ఒక పేజీ రాసుకుంది. దాని బలమంతా వరుసలో ఉంది. మందు వాడేవాళ్లు మొదట, ఉద్యోగులు తర్వాత, ఆ పైన సమాజం, అందరికన్నా చివర వాటాదారులు. 1982లో చికాగో ప్రాంతంలో ఎవరో ఆ కంపెనీ నొప్పి మందు టైలనాల్ సీసాల్లో సయనైడ్ కలిపితే ఏడుగురు చనిపోయారు. కంపెనీ దేశమంతటా మూడు కోట్లకు పైగా సీసాలు వెనక్కి తెప్పించింది. అప్పట్లో కంపెనీని నడిపిన జేమ్స్ బర్క్, ఆ నిర్ణయానికి క్రెడోనే దారి చూపిందని చెప్పేవాడు.

చిట్టా_ఆవర్జా:
మీరు నా వాదనకే బలమిస్తున్నారు వేదాంతి గారూ. ఆ కంపెనీ పుట్టింది 1886లో. అంటే 57 ఏళ్లు వ్యాపారం చేశాక రాశారన్నమాట! పైగా అదే క్రెడో ఉండగానే తర్వాత టాల్కం పౌడర్ మీద వేల కేసులు పడ్డాయి.

మెట్టవేదాంతి:
57 ఏళ్ల లెక్క కాదనను. కానీ ‘ఎవరు ముందు’ అన్న ప్రశ్న బోణీ గారికి మొదటి వారంలోనే వస్తుంది. వాళ్లకి డబ్బు కట్టేది పిల్లలు, సేవ అందుకునేది పెద్దవాళ్లు. ఎక్కడో దూరాన ఉన్న కొడుకు ఫోన్ చేసి, అమ్మ గదిలో కెమెరా పెట్టించమంటాడు. ఆవిడ నా గదిలో వద్దంటుంది. ఆయా చేతిలో కెమెరా ఉంది, స్టూలు వేసి ఉంది. బోణీ గారూ, ఎవరి మాట వింటారు? మీ పార్ట్‌నర్‌ని అడిగి చూడండి, మీ జవాబు మాత్రం ముందే చెప్పకండి.

బోణీబేరం:
రాత్రి అడిగాను. “కట్టేది కొడుకు, పెట్టాల్సిందే” అంది ఠక్కున. ఆవిడ వద్దంటే వద్దన్నాను నేను. ఇద్దరం ఒకే వ్యాపారం పెడుతున్నాం అనుకున్నాను ఇన్నాళ్లూ! తన మాటలోనూ న్యాయం ఉంది. రాత్రిపూట ఏదైనా జరిగితే కొడుకు నిలదీసేది మమ్మల్నే. కిందామీదా పడి ఇలా మార్చాం: “ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు తమ ఇంట్లోనే, తమకి నచ్చినట్టు బతికేలా తోడుంటాం. వాళ్ల పిల్లలకు మనశ్శాంతి కలిగిస్తాం.” రెండో వాక్యం తనది.

నిలువుటద్దం:
మొదటిది ముట్టుకోకండి, బాగుంది. రెండోది మళ్లీ గోడ మీది రాతే. మనశ్శాంతి ఇచ్చారో లేదో ఎవరు కొలుస్తారు? బదులుగా “పెద్దవాళ్లకు తెలియకుండా వాళ్ల సంగతి ఏదీ పిల్లలకు చేరవేయం” అని రాయగలరా? కొందరు కస్టమర్లు పోతారు. పోయినా ఫర్వాలేదని ఇద్దరూ అనుకుంటేనే రాయండి.

చిట్టా_ఆవర్జా:
ఇదంతా మొదటి ఇంటికి వెళ్తే దానంతటదే తేలేది. సరే, పార్ట్‌నర్ల పేచీ అప్పు చేతికి రాకముందే బయటపడింది, అంతవరకు మంచిదే. కానీ లోన్ ఇచ్చేవాళ్లకి మొదటి వాక్యం చాలు. అద్దం గారు చెప్పిన రెండోది ఆయాలతో చేసుకునే ఒప్పందంలో పెట్టండి, కెమెరా పట్టుకుని నిలబడేది వాళ్లే.

బోణీబేరం:
దరఖాస్తులో మొదటి వాక్యం ఒక్కటే పెట్టి పంపేశాం. రెండోదానికి తను ఇంకా ఒప్పుకోలేదు. ‘అత్యవసరమైతే తప్ప’ అని చేర్చమంటోంది. ఏవేవి అత్యవసరమో జాబితా రాయమన్నాను. కిందపడటం, స్పృహ తప్పడం వరకు పేచీ లేదు. ‘మందు వేసుకోనని మొండికేస్తే’ దగ్గర ఆగిపోయాం.