120 మీటర్లు మిగిలి ఆగిపోయిన మా లింకు రోడ్డుకు ఖర్చు ఎందుకు పెరుగుతోంది?

మల్లాపూర్ వాసి:
మా కాలనీ లింకు రోడ్డు రెండు కొసలూ పూర్తయ్యాయి. మధ్యలో 120 మీటర్లు మూడేళ్లుగా అలాగే ఉంది. అక్కడ ఒక రేకుల షెడ్డు, ఒక వేపచెట్టు, రెండు కరెంటు స్తంభాలు. వానొస్తే స్కూలు ఆటో రాదు, పాపను నేనే బురదలో నడిపించుకుని వెళ్తాను. మొన్న రాత్రి మా అత్తగారికి ఆయాసం వచ్చింది. అంబులెన్సు మ్యాప్ చూసుకుని అవతలి కొస దాకా వచ్చి ఆగిపోయింది. దాని లైట్లు ఇవతలికి కనిపిస్తూనే ఉన్నాయి. అది చుట్టూ తిరిగి వచ్చేదాకా నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు. ఇప్పుడు అంచనా మళ్లీ పెంచారట. పనే జరగని చోట ఖర్చెలా పెరుగుతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

రిటైర్డ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్):
అమ్మా, ముందు భూమి లెక్క చూడండి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పరిహారం మీద 100 శాతం సొలేషియం, అంటే మరో అంత సొమ్ము, ఇవ్వాలి. అది కాక నోటిఫికేషన్ నుంచి అవార్డు (పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు) దాకా మార్కెట్ విలువపై ఏడాదికి 12 శాతం అదనంగా పడుతుంది. డిక్లరేషన్ (భూమి తీసుకుంటున్నామనే ప్రకటన) తర్వాత 12 నెలల్లో అవార్డు ఇవ్వకపోతే, గడువు పొడిగిస్తే తప్ప, అంతా మొదటికొస్తుంది. ఈలోగా కాంట్రాక్టర్ వెళ్లిపోతే మిగిలిన పనికి కొత్త రేట్లతో అంచనా వేస్తారు. స్థలం చేతికి రాకుండా టెండర్ పిలవడమే అసలు తప్పు. సర్వీసంతా ఇదే చూశాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

10 రూపాయలు కట్టి ఆర్టీఐ పెట్టండి. ‘ఎందుకు ఆలస్యం’ అని అడిగితే జవాబు రాదు. అవార్డు కాపీ, స్తంభాలు మార్చడానికి డబ్బు కట్టిన రసీదు కాపీ అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి.

కుర్లా తెలుగువాడు:
ముంబైలో మా శాంతాక్రూజ్–చెంబూర్ లింకు రోడ్డూ ఇంతేనండి. ఆరున్నర కిలోమీటర్లు కూడా లేదు. 2003లో మొదలై 2014 ఏప్రిల్‌లో తెరిచారు. సుమారు 115 కోట్లనుకున్నది 454 కోట్లయింది. దారిలో ఉన్న కుటుంబాలకు వేరే ఇళ్లు చూపించడం, రైలు పట్టాల మీద వంతెనకు అనుమతులు, వీటికే ఏళ్లు పట్టింది. మధ్యలో ప్రపంచ బ్యాంకు కూడా డబ్బు ఆపేసింది.

మల్లాపూర్ వాసి:
ఏఈ గారూ, నిన్న షెడ్డు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఇన్నాళ్లూ ఆయనే అడ్డుపడుతున్నారని కోపంగా ఉండేదాన్ని. ట్రంకుపెట్టెలోంచి నోటీసు తీసి చూపించారు. తేదీ మూడేళ్ల కిందటిది. ఆ తర్వాత ఒక్క కాగితమూ రాలేదట. డబ్బిస్తే రేపే ఖాళీ చేస్తానన్నారు. దరఖాస్తు ఇద్దరం కలిసి రాస్తున్నాం.